ముందు ఏ బండికి సిగ్నల్? ఆన్‌లైన్ ఆటల తయారీలో వనరుల పంపకం

బిలాస్‌పూర్ రైల్వేస్టేషన్‌లో కాసేపు నిలబడితే ఒక దృశ్యం తప్పక కంటబడుతుంది. కోర్బా నుంచి వచ్చే విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ కోసం ప్లాట్‌ఫారం మీద జనం ఎదురుచూస్తూ ఉంటారు. రైల్వే ఉద్యోగాలతో ఈ ఊరు వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వారూ వారిలో ఉంటారు. ఇంతలో పక్క లైను మీద యాభైకి పైగా పెట్టెలతో బొగ్గు గూడ్సు ఒకటి నింపాదిగా సాగిపోతుంది. ‘అది పోతేగాని మన బండికి దారి ఇవ్వరు కాబోలు’ అని పెద్దవాళ్లు నిట్టూరుస్తారు.

పిల్లల నిట్టూర్పు వేరు. వాళ్ల చేతిలో సెల్‌ఫోన్, అందులో ఆన్‌లైన్ ఆట. ‘మూడు నెలలైంది, కథలో కొత్త భాగం రాలేదు. పాత్రలకు కొత్త దుస్తులు మాత్రం వారం వారం వస్తున్నాయి. ఆట మధ్యలో ఆగిపోతోందని ఎంతమంది చెప్పినా పట్టించుకోరేం?’ అని ఒకరితో ఒకరు వాదించుకుంటారు.

ఈ రెండు ఫిర్యాదులూ నిజానికి ఒక్కటే. ఉన్న వనరులు కొద్ది, వాటిని కోరేవారు ఎందరో. అలాంటప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలి? ఆ నిర్ణయం ఎలా జరుగుతుంది? ఆన్‌లైన్ ఆటలు తయారుచేసేవారు ఈ చిక్కును ఎలా ఎదుర్కొంటారో తెలుసుకుందాం.

లైన్లు కొన్ని, బండ్లు అనేకం

ముందుగా మన కళ్లెదుట ఉన్న రైలు సంగతే చూద్దాం. బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే 2003 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. కోర్బా ప్రాంతపు గనుల నుంచి బయలుదేరిన బొగ్గు దేశంలోని అనేక విద్యుత్ కేంద్రాలకు ఈ పట్టాల మీదుగానే చేరాలి. హౌరా, ముంబయిల మధ్య తిరిగే ప్రయాణికుల బండ్లు వెళ్లవలసిందీ ఈ పట్టాల మీదనే.

రైల్వే కంట్రోల్ ఆఫీసులో కూర్చున్న ఉద్యోగి ముందు ఒక పట్టిక ఉంటుంది. ఒక వైపు కాలం, మరో వైపు దూరం. ప్రతి బండీ అందులో ఒక ఏటవాలు గీత. ఒకే పట్టా మీద ఒకే సమయంలో రెండు గీతలు కలవకూడదు. ఒక బండికి చోటిస్తే మరొక బండిని లూప్ లైనులో నిలపవలసిందే. మామూలు రోజుల్లో ప్రయాణికుల బండ్లకు ముందు దారి ఇవ్వడం ఆనవాయితీ. అయితే 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాల దగ్గర బొగ్గు నిల్వలు పడిపోయినప్పుడు ఈ వరుస తారుమారైంది. బొగ్గు బండ్లకు దారి ఇవ్వడానికి దేశంలో ప్రయాణికుల రైళ్ల ట్రిప్పులను వందల సంఖ్యలో రద్దు చేశారు. ఛత్తీస్‌గఢ్ ప్రయాణికులు ఆ దెబ్బను గట్టిగానే చవిచూశారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మన రైల్వేలకు రాబడిలో పెద్ద వాటా సరుకు రవాణా నుంచే వస్తుంది. ప్రయాణికుల టికెట్ల మీద వచ్చే నష్టాన్ని కూడా ఆ రాబడే పూడుస్తుంది. అంటే ప్లాట్‌ఫారం మీద మనం విసుక్కునే ఆ బొగ్గు గూడ్సే ఒక విధంగా మన టికెట్ ధరను తగ్గించి పెడుతోందన్నమాట. ఉచితంగా దొరికే ఆన్‌లైన్ ఆటల్లోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంటుంది. ఆడేవారిలో అత్యధికులు ఒక్క రూపాయి కూడా చెల్లించరు. కొద్ది శాతం మంది కొనే దుస్తులు, అలంకారాలు మిగిలిన అందరి ఆట ఖర్చునూ భరిస్తాయి. వారం వారం కొత్త దుస్తులు ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు కొంత అర్థమై ఉంటుంది. అవి ఆటకు బొగ్గు బండ్లు!

ఆటలో సరుకు ఎన్ని రకాలు?

సినిమా ఒకసారి విడుదలైతే పని ముగిసినట్టే. ఆన్‌లైన్ ఆట అలాంటిది కాదు. విడుదలైన రోజు నుంచే దాని అసలు పని మొదలవుతుంది. ఆడేవారికి ఎప్పటికప్పుడు కొత్తదనం అందిస్తూ ఉండాలి. ఇలా అందించే దాన్నంతటినీ ఆటల పరిశ్రమలో కంటెంట్ అంటారు.

ఇది అనేక రకాలు. కథలోని కొత్త అధ్యాయాలు ఒక రకం. పదిమందో ఇరవైమందో జట్టుకట్టి బలమైన శత్రువును ఓడించే కఠినమైన ఘట్టాలు ఇంకొక రకం. వీటిని రెయిడ్లు అంటారు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ మైదానాలు మూడో రకం. పండుగలకు జరిపే ప్రత్యేక వేడుకలు, పాత్రల దుస్తులు, స్నేహితులతో ముచ్చటించుకునే సౌకర్యాలు ఇంకా ఉన్నాయి. ఇవికాక కంటికి కనిపించని పనులున్నాయి. లోపాలు సరిదిద్దడం, మోసగాళ్లను పట్టుకోవడం, సర్వర్లను నడపడం వంటివి. వీటిని ఎవరూ మెచ్చుకోరు, ఆగిపోతే మాత్రం అందరూ తిడతారు. రైలు పట్టాల మీద బోల్టులు బిగించే గ్యాంగ్‌మన్ పని లాంటివి ఇవి.

ఇన్ని రకాలు ఎందుకు కావాలి? ఆడేవారు ఒకే రకం కాదు గనుక. ఈ సంగతిని మొదట శాస్త్రీయంగా పరిశీలించినవారిలో రిచర్డ్ బార్టిల్ ఒకరు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 1978లో ‘మడ్’ అనే ఆటను మొదలుపెట్టాడు. అనేకమంది వేర్వేరు చోట్ల కూర్చుని ఒకే కాల్పనిక ప్రపంచంలో తిరిగే తొలి ఆటల్లో అదొకటి. దానిని ముందుకు తీసుకువెళ్లిన బార్టిల్ 1996లో ప్రచురించిన వ్యాసంలో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విభజించాడు. లక్ష్యాలు సాధించాలనుకునేవారు, కొత్త ప్రదేశాలను అన్వేషించేవారు, నలుగురితో కలిసిమెలిసి ఉండాలనుకునేవారు, ఇతరులను ఓడించి ఆనందించేవారు. ఒక రకం వారికి మితిమీరి పెట్టి మరో రకం వారిని పస్తులుంచితే ఆ ప్రపంచపు సమతూకమే దెబ్బతింటుందని అతడు వివరించాడు. అడవిలో జింకలకూ పులులకూ మధ్య ఉండే సంబంధం వంటిదే ఇది.

కాగితం, పెన్సిలు తీసుకోండి

ఇప్పుడు మనమే ఒక ఆట సంస్థను నడుపుతున్నామని ఊహించుకుందాం. మన దగ్గర 20 మంది ఉన్నారు. మన ఆటను నెలకు లక్షమంది ఆడుతున్నారు. రాబోయే 12 వారాలకు పని పంచాలి. ఒక మనిషి ఒక వారంలో చేసే పనిని ఒక ‘మనిషి-వారం’ అందాం. మన దగ్గర మొత్తం 20 × 12 = 240 మనిషి-వారాలున్నాయి. ఇందులో 96 సర్వర్లకు, లోపాల దిద్దుబాటుకు ముందే పోతాయి. మిగిలినవి 144.

మన ముందున్న పనులు ఐదు. ఒకటి, నిపుణుల కోసం పెద్ద రెయిడ్. దీనికి 60 మనిషి-వారాలు పడుతుంది. ఆడేవారు నూటికి 3 మంది, ఒక్కొక్కరు 40 గంటలు ఆడతారు. రెండు, కథలో కొత్త అధ్యాయం. 50 మనిషి-వారాలు. నూటికి 60 మంది ఆడతారు, మూడు గంటల్లో ముగిస్తారు. మూడు, సంక్రాంతి వేడుక. 10 మనిషి-వారాలు. నూటికి 70 మంది పాల్గొంటారు, రెండేసి గంటలు. నాలుగు, కొత్త పోటీ మైదానం. 30 మనిషి-వారాలు. నూటికి 20 మంది, 15 గంటల చొప్పున. ఐదు, చవక ఫోన్లలో కూడా ఆట తడబడకుండా నడిచేలా చేయడం. 45 మనిషి-వారాలు. ఇందులో కొత్తగా ఆడేందుకు ఏమీ ఉండదు.

అన్నీ కలిపితే 195. మన దగ్గరున్నవి 144. కాబట్టి ఏదో ఒకటి వదలక తప్పదు.

ఒక్కొక్క మనిషి-వారం ఖర్చుకు ఆటగాళ్లకు ఎన్ని గంటల ఆట దక్కుతుందో చూద్దాం. రెయిడ్‌కు 3,000 మంది × 40 = 1,20,000 గంటలు. దానిని 60తో భాగిస్తే 2,000. కథకు 1,80,000 గంటలు, అంటే 3,600. వేడుకకు 1,40,000 గంటలు, అంటే 14,000. మైదానానికి 3,00,000 గంటలు, అంటే 10,000. చవక ఫోన్ల పనికి సున్నా!

లెక్క ప్రకారం చూస్తే వేడుకే మేలు. మరి 144 మనిషి-వారాలనూ వేడుకలకే పెట్టి 14 పండుగలు జరిపితే? పన్నెండు వారాల్లో 14 పండుగలు! మొదటి బొబ్బట్టు రుచి పద్నాలుగో బొబ్బట్టుకు ఉండదు కదా. అర్థశాస్త్రంలో దీన్ని క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు. ప్రతి అదనపు వేడుకా అంతకు ముందు దానికంటే తక్కువ మందిని ఆకర్షిస్తుంది. అందుచేత నిపుణులైన నిర్వాహకులు ‘ఏది మేలు’ అని అడగరు. ‘ఇప్పటికే ఇంత ఉండగా, ఇంకొంచెం దేనికి పెడితే ఎక్కువ ఫలితం’ అని అడుగుతారు.

వేడుక, మైదానం, కథ మూడూ ఎంచుకుంటే 90 మనిషి-వారాలు పోతాయి. మిగిలినవి 54. రెయిడ్‌కు 60 కావాలి గనుక అది పట్టదు. చవక ఫోన్ల పనికి 45 చాలు గనుక పడుతుంది. కానీ దాని మార్కు సున్నా! ఏ మేనేజరయినా సున్నా మార్కు పనికి 45 మనిషి-వారాలు ఇస్తాడా? ఈ ప్రశ్నను ప్రస్తుతానికి అలా ఉంచుదాం. చివర దీని దగ్గరకే రావాలి.

మనుషులు ఇసుక బస్తాలు కారు

పై లెక్కలో ఒక పొరపాటు దాగి ఉంది, గమనించారా? చిత్రకారుని వారాన్నీ ప్రోగ్రామర్ వారాన్నీ ఒకే గాటన కట్టేశాం. నిజానికి దుస్తులు గీసే చిత్రకారుడు సర్వర్ లోపాన్ని సరిదిద్దలేడు. ‘దుస్తులు మానేసి లోపాలు చూడండి’ అనే ఆటగాళ్ల కోపం న్యాయమైనదే కావచ్చు గాని, దుస్తులు ఆపినంత మాత్రాన లోపాలు తీరవు. ఇంజిను డ్రైవరు ఖాళీగా ఉన్నాడని సిగ్నల్ మరమ్మతుకు పంపలేం కదా!

పోనీ, కొత్తవాళ్లను చేర్చుకుంటే? ఐ.బి.ఎం. సంస్థలో సిస్టం 360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టం తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన అనుభవాలను పుస్తకంగా రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని అతడు తేల్చాడు. కొత్తవారికి పని నేర్పేది పాతవారే. ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటల సంఖ్య కూడా పెరిగిపోతుంది. ఐదుగురుంటే 10 జంటలు, పదిమంది అయితే 45 జంటలు, ఇరవైమంది అయితే 190 జంటలు. మనుషులు రెట్టింపయితే మాటలు నాలుగింతలకు పైగా అవుతున్నాయన్నమాట.

ఇంకొక సంగతి. మన 20 మందిలో ఆటను ఆడి పరీక్షించేవారు ఇద్దరే అనుకోండి. ఎనిమిదిమంది చిత్రకారులు ఎంత వేగంగా బొమ్మలు గీసినా ఆ ఇద్దరి చేతుల మీదుగా వెళ్లనిదే ఏదీ బయటికి రాదు. ఇజ్రాయెల్ భౌతిక శాస్త్రవేత్త ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వచ్చిన తన పుస్తకంలో చెప్పినదీ ఇదే. ఏ వ్యవస్థ వేగమైనా అందులోని అత్యంత ఇరుకైన చోటు నిర్ణయిస్తుంది. రెండు పెద్ద స్టేషన్ల మధ్య ఎన్ని ప్లాట్‌ఫారాలు కట్టినా, నడుమ ఒక ఇరుకు సెక్షన్ ఉంటే బండ్లన్నీ దాని ముందు బారులు తీరవలసిందే. కాబట్టి ప్రాధాన్యాల పట్టిక వేసేటప్పుడు మొదట చూడవలసింది ‘ఎంతమంది ఉన్నారు’ అని కాదు, ‘ఇరుకు ఎక్కడుంది’ అని.

అమెరికాలోని అరీనానెట్ సంస్థ ఈ ఇరుకును 2016లో బహిరంగంగానే ఒప్పుకుంది. ‘గిల్డ్ వార్స్ 2’ ఆటకు 2015లో వెలువడిన విస్తరణ భాగంతో పాటు కొత్త తరహా మహాయుధాలను అందిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఒక్కో ఆయుధం వెనుక సుదీర్ఘమైన అన్వేషణ ఉంటుంది. కొన్ని వెలువడ్డాక, 2016 మార్చిలో ఆ పనిని నిరవధికంగా ఆపివేస్తున్నామని, ఆ చిన్న బృందాన్ని అందరికీ ఉపయోగపడే పనులకు మళ్లిస్తున్నామని ప్రకటన వచ్చింది. లెక్క సరైనదే కావచ్చు. కాని ఆ వాగ్దానాన్ని నమ్మి డబ్బు చెల్లించినవారు ఊరుకోలేదు. కొంతకాలానికి ఆ ఆయుధాల తయారీ మళ్లీ మొదలైంది. ఇచ్చిన మాట కూడా ఒక ఖర్చేనని, దానిని కూడా లెక్కలో వేసుకోవాలని ఈ ఉదంతం చెబుతుంది.

నూటికి ముగ్గురి కోసం

అయితే తక్కువమంది ఆడే రెయిడ్లను వదిలేయడమే మంచిదా? బ్లిజార్డ్ సంస్థ ఆట ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ కథ చూద్దాం. 2004 నవంబర్‌లో మొదలైన ఈ ఆటకు 2010 నాటికి నెలనెలా చందా చెల్లించేవారు కోటీ ఇరవై లక్షలకు చేరారు. 2006 జూన్‌లో ఈ ఆటలో ‘నాక్స్‌రామస్’ అనే రెయిడ్ వెలువడింది. 40 మంది ఏకకాలంలో క్రమశిక్షణతో పోరాడితేగాని అందులో ముందుకు సాగడం అసాధ్యం. అద్భుతంగా మలచిన ఆ కోటను ఆటగాళ్లలో అతి కొద్దిమంది మాత్రమే చూడగలిగారు.

అంత శ్రమ వృథా కావలసిందేనా? బ్లిజార్డ్ రెండు ఉపాయాలు పన్నింది. 2008 నవంబర్‌లో అదే కోటను 10 మంది, 25 మంది జట్లకు వీలుగా సవరించి మళ్లీ తెరిచింది. ఆ తర్వాత 2011 నవంబర్‌లో, ముక్కూ మొహం తెలియనివారిని కంప్యూటరే జట్టుగా కూర్చి, తేలిక స్థాయిలో రెయిడ్ ఆడించే ఏర్పాటు చేసింది. కోట ఒక్కటే, శత్రువు ఒక్కడే, కష్టం మాత్రం అనేక స్థాయిల్లో. ఒకే పెట్టుబడితో కొద్దిమందికీ, పదిమందికీ పనికొచ్చేలా చేయడం వనరుల పంపకంలో చాలా తెలివైన పద్ధతి. ఒకే రైలుకు ఏసీ పెట్టెలూ, జనరల్ పెట్టెలూ తగిలించడం లాంటిది.

అయినా నిపుణులను చిన్నచూపు చూడరాదు. వాళ్ల సంఖ్య తక్కువే గాని, కొత్తవారికి ఆట నేర్పేదీ, జట్లు కట్టేదీ, ఆట గురించి నలుగురికీ చెప్పేదీ తరచు వాళ్లే. మనం వేసిన గంటల లెక్కలో ఈ ప్రయోజనం ఎక్కడా పడలేదు.

పూలకుండీ నేర్పిన పాఠం

పంపకం ఎంతగా బెడిసికొట్టగలదో తెలియాలంటే జపాన్ వెళ్లాలి. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2010 సెప్టెంబర్‌లో ‘ఫైనల్ ఫాంటసీ 14’ను విడుదల చేసింది. చూడముచ్చటైన దృశ్యాలు, కాని ఆట నత్తనడక. విమర్శలు వెల్లువెత్తాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో బాధ్యతలు చేపట్టిన నవోకి యోషిదా ఆట లోపలి నిర్మాణాన్ని పరిశీలించాడు. కంప్యూటర్ తెరమీది ప్రతి వస్తువూ చిన్నచిన్న బహుభుజులతో ఏర్పడుతుంది. ఎన్ని బహుభుజులుంటే కంప్యూటర్‌కు అంత శ్రమ. ఆ ఆటలో ఒక మూలన పడి ఉన్న పూలకుండీకి కూడా దాదాపు ఒక ఆటగాడి పాత్రకు పట్టినన్ని బహుభుజులు వాడారని యోషిదా తర్వాత 2014లో ఒక సదస్సులో వివరించాడు. ఎవరూ రెండోసారి చూడని కుండీ మీద ఖర్చయిన శక్తి, మనుషులు గుమికూడవలసిన చోట కరువైంది.

ఆపై తీసుకున్న నిర్ణయం సాహసోపేతమైనది. పాత ఆటను మూసేయకుండా, దానికి మరమ్మతులు చేస్తూ, కొత్త అంశాలు చేరుస్తూనే, మరోవైపు మొత్తం ఆటను పునాదుల నుంచి తిరిగి కట్టారు. 2012 నవంబర్‌లో పాత ప్రపంచానికి తెరదించి, 2013 ఆగస్టులో కొత్తదాన్ని తెరిచారు. రైళ్లను ఆపకుండానే పక్కన కొత్త లైను వేయడం వంటి పని ఇది. అది ఫలించి, నేటికీ ఆ ఆట నడుస్తోంది.

అన్ని కథలూ ఇలా ముగియవు. ఎపిక్ గేమ్స్ 2017 సెప్టెంబర్‌లో ‘ఫోర్ట్‌నైట్’కు వందమంది తలపడే కొత్త పద్ధతిని చేర్చగానే అది ప్రపంచమంతటా వెర్రిగా పాకింది. సంస్థలోని మనుషులు అటు తరలిపోయారు. ఆ సంస్థదే ‘పారగాన్’ అనే మరో ఆట చిక్కి శల్యమై 2018 ఏప్రిల్‌లో మూతపడింది. ఆటగాళ్లు పెట్టిన డబ్బును సంస్థ తిరిగి ఇచ్చింది. ఒక బండికి సిగ్నల్ ఇవ్వడమంటే మరొక బండిని ఆపడమేనని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఆడేవారినే అడిగితే?

‘ఇంత తర్జనభర్జన ఎందుకు? ఆడేవారినే అడిగితే సరిపోదా?’ అని మీకు అనిపించవచ్చు. ఇంగ్లండ్‌కు చెందిన జాగెక్స్ సంస్థ అదే చేసింది. 2013లో మొదలైన ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ ఆటలో పెద్ద మార్పు ఏది చేయాలన్నా ఆటగాళ్ల ఓటు తీసుకుంటారు. నూటికి 75 మంది ఒప్పుకుంటేనే అది ఆటలోకి వచ్చేది. తర్వాత ఆ హద్దును 70కి తగ్గించారు. ఆటగాళ్లకు తమ మాటకు విలువ ఉందన్న నమ్మకం దీనివల్ల కలిగింది.

ఇంకో మార్గం మాటలు వినకుండా చేతలు చూడటం. ఆటగాడు ఎక్కడ ఆగాడు, ఎక్కడ ఓడాడు, ఏ నిమిషాన ఆట మూసేశాడు, ఇవన్నీ సర్వర్‌లో నమోదవుతాయి. ఆటగాళ్లను రెండు గుంపులుగా విడదీసి ఒక గుంపుకు పాత పద్ధతిని, మరో గుంపుకు కొత్త పద్ధతిని ఇచ్చి ఫలితాలు పోల్చి చూస్తారు. కొత్త మందును పరీక్షించే వైద్యుల పద్ధతే ఇది.

రెండు మార్గాలూ మంచివే. రెంటిలోనూ ఒకే లోపం ఉంది. ఓటు వేసేది ఇప్పుడు ఆడుతున్నవారే. సర్వర్‌లో నమోదయ్యేదీ వారి చేతలే. ఆట మొదలుపెట్టలేకపోయినవారు, విసిగి వెళ్లిపోయినవారు ఆ లెక్కలో ఎక్కడున్నారు?

బండి ఆగని స్టేషన్

ఇప్పుడు మనం అలా ఉంచిన ప్రశ్న దగ్గరకు వద్దాం. ఒక చిన్న స్టేషన్‌లో ఏ ఎక్స్‌ప్రెస్ కూడా ఆగదనుకోండి. ఆ స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ టికెట్లు ఎన్ని అమ్ముడవుతాయి? సున్నా. ఆ సున్నాను చూపించి ‘ఇక్కడ ఎక్కేవారు లేరు, బండి ఆపడం దండగ’ అని ఒక అధికారి రాస్తే? లెక్క తప్పు కాదు, కాని తీర్పు తప్పు. బండి ఆగదు గనుక టికెట్లు లేవు, టికెట్లు లేవు గనుక బండి ఆగదు.

చవక ఫోన్ల పనికి మనం వేసిన సున్నా మార్కు సరిగ్గా ఇలాంటిదే. మన లక్షమంది ఆటగాళ్లూ ఆట నడిచే ఫోన్లున్నవారు. తక్కువ మెమరీ ఉన్న ఫోనులో దించుకుని, అది ఐదు నిమిషాలకే బిగుసుకుపోతే విసిగి తీసేసినవారు ఆ లక్షలో లేరు. వారి గంటలు సున్నాగా కనిపిస్తున్నది వారికి ఆసక్తి లేక కాదు, మనం వారి స్టేషన్‌లో ఆగలేదు గనుక.

ఈ సంగతి గ్రహించినవారు లాభపడ్డారు. ‘ఫ్రీ ఫైర్’ అనే ఆట చవక ఫోన్లలో నడిచేలా తయారైనందువల్లనే మన దేశపు చిన్న పట్టణాల్లోకి అంతగా చొచ్చుకుపోయింది. ‘పబ్జీ మొబైల్’ తయారీదారులు కూడా 2019లో మన దేశంలో తేలికపాటి ప్రతిని ప్రత్యేకంగా విడుదల చేశారు. ఈ ఆటలను తర్వాత మన ప్రభుత్వం నిషేధించింది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ ఆ జాబితాలో చేరాయి. ఆ నిషేధాల కారణాలు వేరు. చవక ఫోను వాడేవాడు కూడా ఆటగాడేనన్న పాఠం మాత్రం చెక్కుచెదరలేదు.

కనిపించని పనులకు ముందుగా చోటు ఉంచుకోకపోతే ఏమవుతుందో 2016 జులైలో ‘పోకెమాన్ గో’ చూపించింది. దాని సర్వర్లకు మహా అయితే అనుకున్నదానికి ఐదు రెట్ల భారం పడవచ్చని అంచనా వేశారు. పడినది 50 రెట్లు! ఆట తెరవబోయిన జనం గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. గూగుల్ ఇంజనీర్లు ఆదుకుని సర్వర్ల సామర్థ్యాన్ని హుటాహుటిన పెంచవలసి వచ్చింది.

కాబట్టి మన ఊహాసంస్థ ఏం చేయాలి? వేడుక, మైదానం, కథలతో పాటు చవక ఫోన్ల పనికి 45 మనిషి-వారాలు ఇచ్చేద్దాం. మొత్తం 135. ఇంకా మిగిలిన 9 మనిషి-వారాలను ఎవరికీ ఇవ్వకుండా అనుకోని ఆపదల కోసం అట్టేపెట్టుకుందాం. రైల్వే పట్టికలో కూడా ఆలస్యాలను సర్దుకోవడానికి కొంత ఖాళీ సమయం వదులుతారు. రెయిడ్‌ను ఈసారికి లూప్ లైనులో నిలుపుదాం. నిపుణులకు ఆ సంగతి దాచకుండా చెబుదాం, వచ్చే విడతలో దానికే ముందు సిగ్నల్ ఇద్దాం. మీరు వేరే నిర్ణయానికి రావచ్చు. తప్పు లేదు. ఏ బండిని ఆపారో, ఎందుకు ఆపారో చెప్పగలిగితే చాలు.

మీకెందుకు ఇదంతా?

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి అంతర్జాతీయ ఆటల సంస్థలు పనిచేస్తున్నాయి. ఆటలు, యానిమేషన్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ప్రత్యేక విధానాన్ని కూడా ప్రకటించింది. ఈ వ్యాసం చదువుతున్న మీలో కొందరు రేపు అలాంటి చోట కూర్చుని ఇటువంటి పట్టికలే వేయవచ్చు. ఆటల జోలికి పోనివారికి కూడా ఈ లెక్క తప్పదు. ఊరి ఆసుపత్రికి మంజూరైన సొమ్మును, బడి గ్రంథాలయానికి వచ్చిన నిధిని, పరీక్షకు ముందు మిగిలిన పదిరోజులను పంచడం కూడా ఇలాంటి లెక్కే.

అప్పుడు మూడు ప్రశ్నలు మరవకండి. ఇంకొంచెం దేనికి పెడితే ఎక్కువ ఫలితం? ఇరుకు ఎక్కడుంది? ఈ లెక్కలో అసలు కనిపించనివారు ఎవరు? మొదటి రెండింటికి కంప్యూటర్ సాయం చేస్తుంది. మూడోదానికి మాత్రం అప్పుడప్పుడు లెక్కల పుస్తకం మూసి, బండి ఆగని స్టేషన్‌కు మనమే వెళ్లి చూడాలి.